మందుకు తోడు



జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకునే సభల్లో మాట సాధారణంగా ఏటీపీతోనో, ఫోలిక్ ఆమ్లంతోనో, మెథోట్రెక్సేట్‌తోనో మొదలవుతుంది. అందులో తప్పేమీ లేదు. నేను మాత్రం ఆయన జీవితంలో మొదట ఒకటి, చివర ఒకటి నిలిచిన రెండు విషయాలను పక్కపక్కన పెట్టి మొదలుపెడతాను. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, అన్నదమ్ములిద్దరిని పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధి తనకూ సోకినప్పుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. అమెరికా ఓడ ఎక్కకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు కూడా చెప్పారు. ఇది మొదటిది. ఆయన అమెరికా మందుల కంపెనీ లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు సారథిగా ఉన్న కాలంలో, అక్కడే పనిచేస్తున్న బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశారు. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి అదే తొలిచూలు. 1948లో ఆ మందు లోకానికి వచ్చింది, ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఇది రెండోది. మూలికా వైద్యం ఒక చేతిని, యాంటీబయాటిక్ మరో చేతిని తాకిన మనిషి ఆయన. ఆ రెండిటికీ మధ్య పొత్తు కుదురుతుందా, కుదిరితే ఎలాంటి పొత్తు అన్నదే ఈ పూట నా ప్రశ్న.

ఆ ప్రశ్న ఇప్పుడెందుకంటే, ఆరియోమైసిన్ వచ్చిన ముప్పై రెండేళ్లకు దాని వంశానికి ఏం జరిగిందో తెలిసింది కాబట్టి. 1980లో బాస్టన్‌లో లారా మెక్‌ముర్రీ, స్టూవర్ట్ లెవీ బృందం ఒక విషయం బయటపెట్టింది. టెట్రాసైక్లిన్‌కు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియా ఆ మందును విరగ్గొట్టడం లేదు, లోపలికి రాకుండా తలుపూ మూయడం లేదు. లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి తోడేస్తోంది. పడవలో చేరిన నీటిని కూచున్నవాళ్లు దోసిళ్లతో ఎత్తిపోసినట్టు, బ్యాక్టీరియా పొరలో పాతుకున్న ఒక ప్రొటీను మందు అణువులను పట్టి బయటికి నెడుతోంది. తరవాతి సంవత్సరాల్లో ఇలాంటి తోడుడు పంపులు ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. చీముపుండ్లకు కారణమయ్యే స్టెఫిలోకాకస్‌లో నోర్‌ఏ అనే పంపు సిప్రోఫ్లాక్సాసిన్‌ను తోడిపోస్తుంది. ఆసుపత్రుల్లో కాలిన గాయాలకు సోకే సూడోమోనాస్‌లో ఇంకా పెద్ద పంపు ఉంది, అది మందు రకం చూడదు, దొరికినదల్లా తోసేస్తుంది. నిరోధకతకు పంపు ఒక్కటే దారి కాదు, ఎంజైములున్నాయి, లక్ష్యం ఆకారమే మార్చుకోవడమూ ఉంది. ఇవన్నీ కలిసి ఎంత నష్టం చేస్తున్నాయో 2022లో లాన్సెట్ పత్రిక అంచనా వేసింది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారు. వాటి ప్రమేయం ఉన్న మరణాలన్నీ కలిపితే దాదాపు 50 లక్షలు.

మొక్కల వైపు చూడాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. చూశారు కూడా, ఎంతో కాలంగా చూస్తూనే ఉన్నారు. ఫలితం మాత్రం వింతగా ఉంది. క్వినైన్, మార్ఫిన్, డిజాక్సిన్ మొక్కలవే. మన ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఇచ్చింది. ఆర్టెమిసినిన్ మలేరియాను ఎదిరించింది. కానీ వైద్యులు రోజూ రాసే ప్రామాణిక యాంటీబయాటిక్‌లలో మొక్క నుంచి వచ్చినది ఒక్కటీ లేదు. అన్నీ బూజులవో, మట్టిలోని బ్యాక్టీరియావో, రసాయనశాలవో. బూజు నుంచి తీసిన యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు ఒకటో, పదో మైక్రోగ్రాములు ఉంటే బ్యాక్టీరియాను ఆపుతుంది. మొక్కల రసాయనాలకు సాధారణంగా 100 నుంచి 1000 మైక్రోగ్రాములు కావాలి. ఈ లెక్క చూసి చాలామంది మొక్కల్లో సరుకు లేదని తేల్చేశారు. నా వాదన ఇక్కడే మొదలవుతుంది. సరుకు లేకపోవడం కాదు, మనం మొక్కను అడిగిన ప్రశ్నే తప్పు. ఒక్క అణువే బ్యాక్టీరియాను చంపాలని అడిగాం. మొక్క అలా పోరాడదు.

ఎలా పోరాడుతుందో 2000 సంవత్సరంలో అమెరికాలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందం బెర్బెరిస్ జాతి పొదల్లో చూపించింది. మన ఆయుర్వేదం దారుహరిద్ర అనేది ఈ జాతి మొక్కే. దాని పసుపు రంగుకు కారణమైన బెర్బెరిన్ బ్యాక్టీరియాను చంపగలదు, కానీ నోర్‌ఏ పంపుకు అది ఇష్టమైన మేత, లోపలికి వెళ్లీ వెళ్లగానే బయటికి వచ్చేస్తుంది. అందుకే పరీక్షనాళికలో ఒంటరిగా పెడితే నీరసంగా కనిపించింది. అయితే అదే మొక్క ఆకుల్లో మరో పదార్థం దొరికింది. దాని పేరు 5-ప్రైమ్-మెథాక్సీహైడ్నోకార్పిన్. పూర్వం కుష్ఠు రోగానికి వాడిన చాల్‌మోగ్రా నూనెలో స్వల్పంగా ఉంటుందని అంతకుముందే తెలుసు. ఈ పదార్థానికి బ్యాక్టీరియాను చంపే గుణం లేనే లేదు. అది చేసే పనల్లా పంపుకు అడ్డుపడడం. రెండూ కలిసినప్పుడు బెర్బెరిన్ లోపలే నిలిచింది, స్టెఫిలోకాకస్ పెరుగుదల ఆగింది. రెండేళ్లకు, 2002లో, లూయిస్ సహచరులు ఇంకో అడుగు వేశారు. రేలకాయ గుజ్జులోనూ ఉండే రీన్, చిత్రమూలం వేరులోని ప్లంబాజిన్ వంటి మొక్కల రసాయనాలను తీసుకుని, బ్యాక్టీరియా పంపులను పనిచేయకుండా చేసి పరీక్షించారు. రీన్ బలం బ్యాక్టీరియా జాతిని బట్టి 100 నుంచి 2000 రెట్లు పెరిగింది. మొక్కల రసాయనం బలహీనం అని ఇంతకాలం మనం కొలిచింది, నిజానికి పంపు బలాన్ని.

ఇంట్లో పాలకు తోడు వేస్తాం. ఆ చెంచాడు పెరుగు ఎవరి ఆకలీ తీర్చదు, గిన్నెడు పాల గుణాన్ని మారుస్తుంది. మొక్కల నుంచి మనం వెతకవలసింది ఇలాంటి తోడును అని నా అభిప్రాయం. మన వైద్య సంప్రదాయంలో అనుపానం అనే మాట ఉంది, మందుతో పాటు పుచ్చుకునే పదార్థం అని అర్థం. తేనెను యోగవాహి అంటారు, అంటే మరో మందు గుణాన్ని మోసుకుపోయేది. ఆ ఊహ గొప్పది. దాన్ని గౌరవించే పద్ధతి దాన్ని నిరూపించి చూపడం. ఆధునిక వైద్యానికీ తోడు కొత్త కాదు. మందుల షాపులో పేరు చివర క్లావ్ అని కనిపించే బిళ్లలన్నీ ఇదే సూత్రం మీద నడుస్తున్నాయి. క్లావులానిక్ ఆమ్లం స్ట్రెప్టోమైసెస్ బ్యాక్టీరియా నుంచి వచ్చింది, సొంతంగా చంపే శక్తి దానికి నామమాత్రం. పెన్సిలిన్ జాతి మందులను నరికే ఎంజైముకు అడ్డుపడి తాను బలైపోతుంది, పక్కనున్న అమోక్సిసిలిన్‌ను పని చేయనిస్తుంది. 1981లో బ్రిటన్‌లో ఈ జంట మార్కెట్‌లోకి వచ్చింది. ఈ జంట నిలబడడానికి ఒక చిన్న కారణం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. రెండు మందులూ రక్తంలో సగానికి తగ్గడానికి ఇంచుమించు ఒకే సమయం, సుమారు గంట, పడుతుంది. కలిసి వస్తాయి, కలిసి పోతాయి. ఒకటి ముందు వెళ్లిపోతే రెండోది ఒంటరిదై, బ్యాక్టీరియాకు నిరోధకత నేర్చుకునే బడి అవుతుంది. మొక్కల తోడుమందుల మీద వేల పత్రాలు రాసినవారిలో ఎంతమంది ఈ గంటల లెక్క చూశారన్నది నన్ను బాధించే ప్రశ్న.

ఇక మిరియాల దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఈ రంగంలో భారతదేశం అందరికన్నా ముందు వెళ్లింది అక్కడే, గందరగోళం పుట్టిందీ అక్కడే. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిసిన త్రికటు లెక్కలేనన్ని ఆయుర్వేద యోగాల్లో కనిపిస్తుంది. ఎందుకిలా అని 1970ల చివర జమ్ములోని ప్రాంతీయ పరిశోధనశాలలో సి.కె. అటల్ ఆలోచించారు. మిగతా మందులు ఒంటికి పట్టడానికి ఇది తోడ్పడుతుందేమో అన్న ఆ ఊహ చివరికి పిపెరిన్ దగ్గర తేలింది. మిరియాల ఘాటు ఆ పదార్థానిదే. పేగు గోడలో, కాలేయంలో మందులను విరిచి పారేసే ఎంజైములను అది కొంతసేపు నెమ్మదింపజేస్తుంది. ఆ పరిశోధన ఫలితంగా 2009లో క్షయకు రిసోరిన్ అనే బిళ్ల వచ్చింది. మామూలుగా 450 మిల్లీగ్రాములు ఇచ్చే రిఫాంపిసిన్‌ను 200కు తగ్గించి, 300 మిల్లీగ్రాముల ఐసోనియజిడ్‌తో పాటు 10 మిల్లీగ్రాముల పిపెరిన్ చేర్చారు. మన దేశంలో ఒక వంటింటి దినుసులోని అణువు యాంటీబయాటిక్ బిళ్లలోకి లెక్కగా, మిల్లీగ్రాముల్లో తూచి ఎక్కడం చిన్న సంగతి కాదు.

కానీ ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. రిసోరిన్‌లో పిపెరిన్ పనిచేసింది మన శరీరం మీద, బ్యాక్టీరియా మీద కాదు. రక్తంలోకి ఎక్కువ మందు చేరేలా చూసింది. మందు ఆదా అవుతుంది, దుష్ప్రభావాలు తగ్గే అవకాశమూ ఉంది. అయితే రిఫాంపిసిన్‌కు ఇప్పటికే లొంగని క్షయ క్రిమి ఆ బిళ్లకూ లొంగదు, ఎందుకంటే ఆ క్రిమిలో సాధారణంగా మారిపోయింది మందు అతుక్కునే చోటే. రెండో రకం పని వేరు. 2006లో జమ్ము శాస్త్రవేత్తలే పిపెరిన్ స్టెఫిలోకాకస్ పంపును అడ్డుకుని సిప్రోఫ్లాక్సాసిన్ బలాన్ని పెంచుతుందని చూపారు. 2010లో క్షయ క్రిమిలోని ఒక పంపు మీద కూడా దాని ప్రభావం గమనించారు. మొదటి రకం మనిషి ఒంట్లో రుజువై బిళ్ల దాకా వచ్చింది. రెండో రకం ఇంకా గాజు గిన్నెలోనే ఉంది. పత్రికల్లోనూ, కొన్నిసార్లు పరిశోధకుల మాటల్లోనూ ఈ రెండూ కలిసిపోయి, మిరియాలు మొండి బ్యాక్టీరియాను జయించాయన్న మాటగా బయటికి వస్తున్నాయి. ఇది రోగికి అన్యాయం.

గాజు గిన్నె నుంచి ఒంట్లోకి దారి ఎంత దూరమో సర్పగంధి చెబుతుంది. ఆ వేరులోని రెసర్పిన్‌కు పంపులను అడ్డుకునే గుణం ఉందని 1990ల మొదట్లోనే తెలుసు, నేటికీ ప్రయోగశాలల్లో పంపు పరీక్షకు కొలబద్దగా వాడుతున్నారు. ఆ పరీక్షల్లో సాధారణంగా మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు వేస్తారు. మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉందనుకుందాం. కణజాలం మాట వదిలేసి, ఒక్క రక్తంలోనే ఆ గాఢత తేవాలన్నా 100 మిల్లీగ్రాములు కావాలి. రక్తపోటుకు రెసర్పిన్ వాడిన రోజుల్లో వైద్యులు ఇచ్చింది రోజుకు పావు మిల్లీగ్రాము, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అంటే నాలుగు వందల రెట్లు ఎక్కువ. అంత చేరకముందే రోగి రక్తపోటు పడిపోతుంది, మనసు కుంగిపోతుంది. పైగా సర్పగంధి వేళ్లను అడవుల్లో ఎంతగా తవ్వారంటే, అంతర్జాతీయ వాణిజ్యాన్ని అదుపు చేసే జాబితాలోకి ఆ మొక్క 1990లో చేరింది. మొక్కల రసాయనాలే కాదు, రసాయనశాలలో తయారైనవి కలిపినా సరే, పంపును అడ్డుకునే మందు ఏదీ ఇంతవరకు ఆసుపత్రి దాకా రాలేదు. కారణం ఎక్కువసార్లు ఇదే. బ్యాక్టీరియా పంపును ఆపేంత మోతాదు మనిషికి కూడా విషమవుతోంది.

ఇక్కడ రెండు వైపుల నుంచి అభ్యంతరం వినిపిస్తుంది. మొదటిది సంప్రదాయాన్ని ప్రేమించేవారిది. అణువును విడదీయడమే పొరపాటు, మొక్క మొత్తంగా వాడితే విషం ఉండదు, పూర్వులకు ఇది తెలుసు అంటారు. ఈ మాటలో కొంత నిజముంది, బెర్బెరిస్ కథ నేర్పింది కూడా కలయిక బలాన్నే. కానీ కలయిక ఎప్పుడూ మన వైపే ఉంటుందని హామీ లేదు. పిపెరిన్‌ను లెక్కగా కలిపితే మందు పెరిగిందనుకున్నాం కదా, 1998లో త్రికటు చూర్ణాన్ని ఐసోనియజిడ్‌తో కలిపి కుందేళ్లకు ఇస్తే రక్తంలో ఆ మందు తగ్గింది. ఐరోపాలో దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక హెచ్ఐవీ మందు ఇండినావిర్‌ను రక్తంలో బాగా పడగొడుతుందని 2000లో తేలింది. పిపెరిన్ కూడా ఫెనిటాయిన్, థియోఫిలిన్ వంటి మందులను రక్తంలో పెంచుతుంది. మూర్ఛకు, ఉబ్బసానికి వాడే ఈ మందుల్లో మేలుకూ హానికీ మధ్య సందు చాలా ఇరుకు. మరో మందు నడకను మార్చగలిగే పదార్థాన్ని మొక్కది కనుక నిరపాయం అనడం కుదరదు, తోడుకు ఉన్న శక్తే దాని ప్రమాదం. పూర్వుల గురించి ఒక్క మాట. వాళ్లు జ్వరాన్ని, పుండును, విరేచనాలను నిశితంగా చూశారు, ఏ చెట్టు దేనికి పనికొస్తుందో తరతరాలుగా గుర్తుపెట్టుకున్నారు. ఎక్కడ వెతకాలో చెప్పే ఆ జ్ఞానానికి మనం రుణపడి ఉన్నాం. యాంటీబయాటిక్ నిరోధకత వాళ్ల కాలంలో లేని సమస్య. దాని జవాబు కూడా వాళ్ల నోటి నుంచే రావాలనడం వాళ్లకు మర్యాద కాదు.

రెండో అభ్యంతరం ప్రయోగశాలల నుంచి వస్తుంది. ఈ రంగంలో వచ్చే పత్రాల్లో చాలావాటికి విలువ లేదంటారు. ఇందులోనూ నిజముంది. రెండు పదార్థాల పొత్తును గళ్ల పలకలో పరీక్షిస్తారు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పలచబరుస్తూ పోతారు. యాంటీబయాటిక్ మోతాదు సగానికి తగ్గిందని సంబరంగా రాసిన పత్రాలు కుప్పలు. ఈ పద్ధతిలో ఒక గడి అటూ ఇటూ కావడం మామూలు పొరపాటు, ఒక గడి అంటే రెండు రెట్లు. కాబట్టి రెండు రెట్ల మార్పు ఫలితమే కాదు. రెండు మందుల మోతాదులూ కనీసం నాలుగో వంతుకు పడిపోతే తప్ప పొత్తు కుదిరిందని చెప్పకూడదన్న నియమం ఎప్పటినుంచో ఉంది, పాటించేవారే తక్కువ. పసుపులోని కర్కుమిన్ రకరకాల పరీక్షల్లో అబద్ధపు సంకేతాలు ఇస్తుందని 2017లో రసాయన శాస్త్రవేత్తలు వివరంగా హెచ్చరించారు. అయినా నాసిరకం పత్రాలు ఉండడం ఆలోచన తప్పనడానికి రుజువు కాదు, పరీక్ష కఠినంగా ఉండాలనడానికి రుజువు. ఆ పరీక్షలో నేనైతే మూడు అడుగుతాను. మనిషికి హాని చేయని మోతాదులో ఆ పదార్థం రోగం ఉన్న చోటికి చాలినంత చేరుతుందా? యాంటీబయాటిక్‌తో కలిసి వచ్చి కలిసి పోతుందా? రోగి వేసుకునే ఇతర మందులను కదిలిస్తుందా? ఈ మూడింటికి జవాబు లేని ఫలితాన్ని ఆశగా అమ్మడం మానేయాలి.

మరో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. తోడుమందుకూ బ్యాక్టీరియా అలవాటు పడిపోదా? పడుతుంది. క్లావులానిక్ ఆమ్లానికి లొంగని ఎంజైములు 1990ల మొదట్లోనే కనిపించాయి. అయినా ఆ జంట నలభై ఏళ్లు దాటి కోట్లమందికి పనిచేస్తూనే ఉంది. మందుకు ఆయుష్షు పెరగడమే ఇక్కడ లాభం, అమరత్వం ఎవరూ అడగడం లేదు. పిపెరిన్ ప్రయోగాల్లో గమనించదగ్గ ఇంకో సంగతి, కొత్త నిరోధక రూపాలు తలెత్తకుండా ఆపడానికి కావలసిన సిప్రోఫ్లాక్సాసిన్ మోతాదు కూడా తగ్గడం. పంపు మూసుకుపోతే బ్యాక్టీరియాకు మార్పు నేర్చుకునేందుకు దొరికే వ్యవధి తగ్గుతుంది.

ఇదంతా ఎందుకు, పరిశుభ్రత పాటించి, మందులు అడ్డగోలుగా వాడడం మానితే చాలదా అన్నవారితో నాకు పేచీ లేదు. అది మొదట చేయవలసిన పని. చీటీ లేకుండా అమ్మకుండా 2014లో కొన్ని యాంటీబయాటిక్‌లను హెచ్1 పట్టికలో పెట్టారు, 2019లో కోళ్ల మేతలో కోలిస్టిన్‌ను నిషేధించారు. తెలుగువాళ్లం ఇక్కడ ఇంకో మాట తప్పించుకోలేం. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాంతంలో మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ప్రకటించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. పిపెరిన్‌తో మనం ఏ మందుకు బలం పెంచాలని చూస్తున్నామో, ఆ మందే వాగుల్లో పారి బ్యాక్టీరియాకు పాఠం నేర్పింది. ఆ నీరు శుభ్రం కాకుండా ఎన్ని తోడుమందులు కనిపెట్టినా ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నట్టే. అయితే ఇప్పటికే పుట్టిన నిరోధకత వాగులు శుభ్రమైనంత మాత్రాన ఆసుపత్రి మంచాల మీద నుంచి వెళ్లిపోదు. రేపు ఉదయం ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న రోగికి వైద్యుడి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

అందుకని ఒక్క చెట్టు పేరు చెప్పి ముగిస్తాను. మన అడవుల్లో కొడిసపాల ఉంది, సంస్కృతంలో కుటజం. దాని బెరడు రక్తవిరేచనాలకు వాడడం చాలా పాతది. ఆ బెరడులోని కొనెస్సిన్ అనే అణువు, ఇందాక చెప్పిన సూడోమోనాస్ పెద్ద పంపును అడ్డుకుని యాంటీబయాటిక్‌లకు బలమిస్తుందని 2017లో థాయిలాండ్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. నా మూడు ప్రశ్నలు దానికీ వర్తిస్తాయి, మొదటి ప్రశ్న దగ్గరే ఒక చిక్కు కనిపిస్తోంది. కొనెస్సిన్ మెదడులోకి చేరి అక్కడి హిస్టమిన్ గ్రాహకాల మీద పనిచేస్తుంది. కాబట్టి ఉన్నదున్నట్టు అది మందు కాదు. పంపును పట్టే భాగాన్ని ఉంచి, మెదడుకు చేరనీయకుండా అణువును మార్చాలి. ఒక సహజ అణువును అందుకుని, దాని చుట్టూ వందల రూపాలు కట్టి, ఒక్కొక్కటీ పరీక్షించడం హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో, నగరం చుట్టూ ఉన్న ఔషధ పరిశ్రమలో రోజూ జరిగే పని. ఆ పనిముట్లు, ఆ చేతులు, ఆ చెట్టు, మందు కోసం ఎదురుచూసే రోగి, నలుగురూ ఈ నేల మీదే ఉన్నారు. కొడిసపాల బెరడు తెచ్చి ఆ బల్ల మీద పెట్టమని ఈ సభలోని యువ రసాయన శాస్త్రవేత్తలను అడుగుతున్నాను. కత్తితో చెట్టంతా ఒలిచి కాదు, అడవిశాఖ అనుమతితో, ఒక్క కొమ్మ బెరడు. పరీక్ష మొదలుకావడానికి అది చాలు.